పాత ట్యాబ్ నుంచి కొత్త ట్యాబ్‌కు: ఏదీ పోకుండా డేటా మార్చుకునే విధానం

"ఫొటోలు వచ్చాయి, కాంటాక్ట్‌లు వచ్చాయి. మిగతావి ఏమయ్యాయి?" కొత్త ట్యాబ్ కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అప్పటికే పాత ట్యాబ్‌ను రీసెట్ చేసేసి (అంటే అందులోని డేటా అంతా తుడిచేసి) ఉంటే నేను చెప్పగలిగేది పెద్దగా ఉండదు. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఒకేచోట రాస్తున్నాను.

మా ఇంట్లోనూ ఒకసారి ఇలాగే జరిగింది. అమ్మ ట్యాబ్ మార్చి, ఫొటోలన్నీ కనిపిస్తున్నాయి కదా అని ఆ రాత్రే పాతదాన్ని రీసెట్ చేశాను. మూడు రోజుల తర్వాత అమ్మ అడిగింది, "అమ్మమ్మ పాడిన మంగళహారతి ఏదిరా?" అని. ఆ పాట రికార్డర్ యాప్‌కు చెందిన ఫోల్డర్‌లో ఉండేది. గూగుల్ బ్యాకప్‌లోకి అది వెళ్లలేదు. అమ్మమ్మ అప్పటికే లేదు. ఆ పాట మళ్లీ దొరకలేదు.

ఈ మార్గదర్శి ప్రధానంగా ఆండ్రాయిడ్ ట్యాబ్ నుంచి ఆండ్రాయిడ్ ట్యాబ్‌కు మారేవాళ్ల కోసం. ఐప్యాడ్ వాళ్లకు 9వ భాగం ఉంది. మెనూల పేర్లు కంపెనీని బట్టి కొంచెం మారతాయి. సెట్టింగ్స్‌లో పైన ఉండే వెతుకు పెట్టెలో "బ్యాకప్" అని కొడితే ఎక్కడున్నా దొరుకుతుంది.

1. ముందు జాబితా రాయండి

కేబుల్ పెట్టకముందే ఒక కాగితం తీసుకోండి. పాత ట్యాబ్‌లో యాప్‌లను వరసగా తెరుస్తూ, పోతే బాధపడే వస్తువు ఏముందో, అది ఎక్కడ ఉందో రాయండి. ఆ రెండో ప్రశ్నే ముఖ్యం. ఎందుకంటే ట్యాబ్‌లోని డేటా మూడు చోట్ల ఉంటుంది.

- అకౌంట్‌లో ఉన్నది: జీమెయిల్, గూగుల్ క్యాలెండర్, గూగుల్ అకౌంట్‌లో సేవ్ అయిన కాంటాక్ట్‌లు. కొత్త ట్యాబ్‌లో లాగిన్ అయితే చాలు, వాటంతట అవే వస్తాయి.
- ట్యాబ్‌లో మామూలు ఫైళ్లుగా ఉన్నది: డౌన్‌లోడ్స్‌లోని పీడీఎఫ్‌లు, ఎంపీ3 పాటలు, వాట్సాప్ వీడియోలు, స్క్రీన్‌షాట్‌లు. వీటిని మనమే కాపీ చేయాలి.
- యాప్ కడుపులో ఉన్నది: నోట్స్, పిల్లల బొమ్మలు, ఆటల్లో చేరుకున్న లెవెల్, కొన్ని రికార్డర్ యాప్‌లలోని ఆడియో. ఆ యాప్‌లోంచే ఎక్స్‌పోర్ట్ (ఫైల్‌గా బయటకు తీయడం) గానీ సింక్ (అకౌంట్‌లోకి దానంతట అదే చేరేలా చేయడం) గానీ చేయాలి. నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే.

ట్యాబ్ అమ్మానాన్నలదైతే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే ఈ జాబితా రాయండి. సుందరకాండ పీడీఎఫ్ ఏ ఫోల్డర్‌లో ఉందో వాళ్లకు తెలియకపోవచ్చు. రోజూ ఏం తెరుస్తారో మాత్రం వాళ్లే చెప్పగలరు. ఈ అరగంటను దాటేయకండి.

2. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

- రెండు ట్యాబ్‌లూ కనీసం 70 శాతం ఛార్జింగ్‌తో, దగ్గరలో ఛార్జర్‌తో
- డేటా కేబుల్. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కు మాత్రమే పనికొస్తాయి
- పాతది మైక్రో యూఎస్‌బీ, కొత్తది టైప్-సీ అయితే తగిన ఓటీజీ అడాప్టర్ (ట్యాబ్‌కు వేరే యూఎస్‌బీ పరికరాలను కలిపే చిన్న ముక్క)
- పాత ట్యాబ్ స్క్రీన్ లాక్ పిన్ లేదా ప్యాటర్న్
- గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్. గుర్తుంది అనుకోవడం వేరు, వేరే బ్రౌజర్‌లో ఒకసారి లాగిన్ అయి చూడటం వేరు
- ఓటీపీ వచ్చే సిమ్ ఉన్న ఫోన్ చేతికి అందేటట్టు
- పాత ట్యాబ్‌లో ఎంత డేటా ఉంది, కొత్తదాంట్లో ఎంత ఖాళీ ఉంది అనే లెక్క

ఓటీపీ సంగతి విదేశాల్లో ఉన్నవాళ్లు ముఖ్యంగా చూసుకోవాలి. చాలా ఇళ్లలో అమ్మానాన్నల ట్యాబ్‌లోని అకౌంట్ అమెరికాలో ఉన్న కొడుకు నంబరుతోనో, కూతురి మెయిల్‌తోనో తెరిచి ఉంటుంది. ఇక్కడ లాగిన్ నొక్కితే కోడ్ అక్కడికి వెళ్తుంది, అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుంది. ఇద్దరూ మేలుకుని ఉండే సమయం ముందే అనుకోండి.

ఒక జాగ్రత్త. పాత ట్యాబ్ వెనక భాగం ఉబ్బినా, స్క్రీన్ అంచు పైకి లేచినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని ఛార్జింగ్ పెట్టకండి, నొక్కి మూయడానికి ప్రయత్నించకండి. ముందు మెకానిక్‌తో బ్యాటరీ మార్పించి, తర్వాతే డేటా పని చూడండి.

3. ఏ దారి మీకు సరిపోతుంది?

కేబుల్ దారి: డేటా ఎక్కువ ఉన్నవాళ్లకు, ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకు. సెకనుకు 25 ఎంబీ చొప్పున కదిలినా 30 జీబీకి ఇరవై నిమిషాలు పడుతుంది.

క్లౌడ్ దారి (ఇంటర్నెట్ ద్వారా అకౌంట్‌లో దాచి, అక్కడి నుంచి దించుకోవడం): డేటా తక్కువైతే సుఖం. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ ఆ 15లోనే సర్దుకోవాలి. వేగం కూడా లెక్క వేసుకోండి. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు, ఎనిమిది మెగాబిట్లు కలిస్తే ఒక ఎంబీ) ఉంటే 20 జీబీ ఎక్కడానికి నాలుగున్నర గంటలు పడుతుంది.

కంపెనీ యాప్ దారి: కొత్తది శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ అయితే డేటా మార్చడానికి ఆ కంపెనీ ఇచ్చే స్మార్ట్ స్విచ్ యాప్ వాడండి. పాతది వేరే కంపెనీ ఆండ్రాయిడ్ అయినా పర్వాలేదు. కొత్తది మాత్రం గెలాక్సీ అయి ఉండాలి.

నా సలహా ఒకే దారిని నమ్ముకోవద్దని. సెట్టింగ్స్, యాప్‌ల కోసం గూగుల్ బ్యాకప్ చేయండి. ఫైళ్లను మీ చేత్తో కంప్యూటర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.

4. పాత ట్యాబ్‌లో బ్యాకప్

సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో బ్యాకప్ తెరవండి. బ్యాకప్ ఆన్‌లో ఉందా, ఏ అకౌంట్‌లోకి వెళ్తోంది, చివరిసారి ఎప్పుడు జరిగింది, ఈ మూడూ చూసి "ఇప్పుడే బ్యాకప్ చేయి" నొక్కండి. చాలామంది ట్యాబ్‌లలో రెండు అకౌంట్‌లు ఉంటాయి. బ్యాకప్ ఒకదాంట్లో ఉంటే కొత్త ట్యాబ్‌లో రెండోదానితో లాగిన్ అయి, ఏమీ లేదని కంగారు పడతారు.

రెండు పరిమితులు గుర్తుంచుకోండి. ట్యాబ్‌ను 57 రోజులు వాడకపోతే గూగుల్ ఆ బ్యాకప్‌ను తొలగించవచ్చు. కాబట్టి బీరువాలో పెట్టేసిన ట్యాబ్‌కు బ్యాకప్ ఉందన్న భరోసా లేదు. రెండోది, ఎక్కువ ఆండ్రాయిడ్ వెర్షన్‌లో తీసిన బ్యాకప్ తక్కువ వెర్షన్ ఉన్న ట్యాబ్‌లోకి రాదు. కొత్త ట్యాబ్ అంటూ పాత మోడల్ కొన్నప్పుడు ఈ చిక్కు వస్తుంది.

కాంటాక్ట్‌లు: కాంటాక్ట్స్ యాప్‌లో ఒక పేరు తెరిచి, అది "డివైస్"లో ఉందా, గూగుల్ అకౌంట్‌లో ఉందా చూడండి. డివైస్‌లో ఉంటే ఎక్స్‌పోర్ట్ నొక్కి వీసీఎఫ్ ఫైల్‌గా (పేర్లు, నంబర్లు ఉండే ఫైల్) దాచుకోండి. కొత్త ట్యాబ్‌లో ఆ ఫైల్ తెరిస్తే పేర్లన్నీ చేరతాయి.

ఫొటోలు: గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్ చేస్తే మామూలుగా వెళ్లేవి కెమెరా ఫొటోలే. వాట్సాప్ చిత్రాలు, స్క్రీన్‌షాట్‌లు, డౌన్‌లోడ్స్ వెళ్లవు. బ్యాకప్ సెట్టింగ్స్‌లో డివైస్ ఫోల్డర్ల జాబితా ఉంటుంది. కావలసిన వాటిని ఒక్కొక్కటిగా ఆన్ చేయాలి. చివర్లో "బ్యాకప్ పూర్తయింది" అని కనిపించేదాకా వైఫై ఆపకండి.

నోట్స్, బొమ్మలు, రికార్డింగ్‌లు: ప్రతి యాప్ తెరిచి సింక్ ఉందేమో చూడండి. లేకపోతే షేర్ నొక్కి పీడీఎఫ్‌గానో, ఆడియో ఫైల్‌గానో డ్రైవ్‌లోకి పంపండి. ఇది విసుగు పుట్టించే పనే. యాభై రికార్డింగ్‌లు ఉంటే యాభైసార్లు నొక్కాల్సి రావచ్చు. అయినా చేయండి. మా ఇంట్లో పోయింది సరిగ్గా ఇదే.

5. ఫైళ్లను చేత్తో కాపీ చేయడం

- పాత ట్యాబ్‌ను అన్‌లాక్ చేసి కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపండి.
- ట్యాబ్‌లో పైనుంచి కిందికి లాగితే యూఎస్‌బీ నోటిఫికేషన్ కనిపిస్తుంది. "ఛార్జింగ్" అని ఉంటే "ఫైల్ ట్రాన్స్‌ఫర్"కు మార్చండి.
- కంప్యూటర్‌లో తేదీతో ఒక కొత్త ఫోల్డర్ చేయండి.
- డీసీఐఎం (కెమెరా ఫొటోలు ఉండేది), పిక్చర్స్, డౌన్‌లోడ్, డాక్యుమెంట్స్, మ్యూజిక్, మూవీస్, రికార్డింగ్స్ ఫోల్డర్లను ఒక్కొక్కటిగా కాపీ చేయండి. అన్నీ ఒకేసారి ఎంచుకుంటే మధ్యలో ఆగిపోయినప్పుడు ఎంతవరకు వచ్చిందో తెలియదు.
- వాట్సాప్ ఫొటోలు, వీడియోలు ఆండ్రాయిడ్ 11 నుంచి చోటు మారాయి. "ఆండ్రాయిడ్" ఫోల్డర్‌లో "మీడియా", అందులో వాట్సాప్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో వెతకండి.
- ప్రతి ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లు ఉన్నాయో రెండు వైపులా చూసి సరిపోల్చండి.

"కట్" వాడకండి, ఎప్పుడూ "కాపీ"యే. మధ్యలో కేబుల్ కదిలితే కట్ చేసిన ఫైల్ రెండు చోట్లా లేకుండా పోయే ప్రమాదం ఉంది.

కంప్యూటర్ లేకపోతే ఓటీజీతో పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో (ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ అందులో ఎక్కదు. పెద్ద పెళ్లి వీడియోలు ఎక్కకపోతే కారణం అదే.

మెమరీ కార్డు ఉన్నవాళ్లు ఇది తప్పక చదవండి. కార్డును మామూలుగా వాడుతున్నట్టయితే సెట్టింగ్స్‌లో ఎజెక్ట్ చేసి తీసి, కొత్తదాంట్లో పెడితే సరిపోతుంది. కొత్త ట్యాబ్‌కు కార్డు స్లాట్ ఉందో లేదో ముందు చూసుకోండి. కానీ కార్డును "ఇంటర్నల్ స్టోరేజ్"గా ఫార్మాట్ చేసి ఉంటే అందులోని డేటా ఆ పాత ట్యాబ్ తాళంతోనే ముడిపడి ఉంటుంది. వేరే ఏ ట్యాబ్‌లోనూ, కంప్యూటర్‌లోనూ తెరుచుకోదు. అలాంటప్పుడు కార్డు ట్యాబ్‌లో ఉండగానే ఫైళ్లను కాపీ చేయాలి.

ఓటీటీ యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాలను మాత్రం వదిలేయండి. కాపీ చేసినా ఆడవు. కొత్త ట్యాబ్‌లో మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాలి.

6. కొత్త ట్యాబ్‌ను మొదటిసారి ఆన్ చేసినప్పుడు

ఇక్కడ తొందరపడితే పని రెట్టింపవుతుంది. భాష, వైఫై ఎంచుకున్నాక "యాప్‌లు, డేటా కాపీ చేయాలా?" అని అడుగుతుంది. ఉత్సాహంలో "కాపీ వద్దు" నొక్కేవాళ్లే ఎక్కువ. "తర్వాత" అంటే మళ్లీ అడుగుతుందనుకుంటారు. చాలా ట్యాబ్‌లలో ఆ అవకాశం మొదటి సెటప్‌లో మాత్రమే వస్తుంది.

- పాత ట్యాబ్ దగ్గర పెట్టుకుని, అన్‌లాక్ చేసి, రెండూ ఒకే వైఫైలో ఉండేట్టు చూడండి.
- కేబుల్ కలపమని అడిగితే కలపండి. కేబుల్ లేకపోతే క్లౌడ్ బ్యాకప్ ఎంచుకోండి.
- పాత ట్యాబ్ పిన్ అడిగితే పాతదే కొట్టండి. బ్యాకప్‌కు వేసిన తాళం అదే. కొత్తగా పెట్టుకోబోయే పిన్ ఇక్కడ పనిచేయదు.
- యాప్‌ల జాబితా వచ్చినప్పుడు వాడనివి తీసేయండి. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను మోసుకెళ్లాల్సిన అవసరం లేదు.

హోమ్ స్క్రీన్ కనిపించగానే అయిపోయిందనుకోకండి. యాప్‌లు ఆ వెనక ఇంకా గంటో రెండు గంటలో దిగుతూనే ఉంటాయి. ఛార్జింగ్ పెట్టి వదిలేయండి.

ఆ తర్వాత 5వ భాగంలో దాచుకున్న ఫైళ్లను కంప్యూటర్ నుంచి కొత్త ట్యాబ్‌లోకి అదే పద్ధతిలో ఎక్కించండి. తెలుగు కీబోర్డును మళ్లీ చేర్చుకోవాల్సి రావచ్చు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో భాషలు తెరిచి తెలుగు ఎంచుకుంటే చాలు.

7. వాట్సాప్

ముందు ఒక్కటి తేల్చుకోండి. మీ ట్యాబ్‌లోని వాట్సాప్ ఫోన్‌కు లింక్ చేసినదా, లేక ట్యాబ్‌లోనే నంబరుతో తెరిచినదా?

లింక్ చేసినదైతే మార్చాల్సింది ఏమీ లేదు. అసలు చాట్‌లు ఫోన్‌లో ఉన్నాయి. ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, కొత్త ట్యాబ్‌లో కనిపించే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. ఒక ఫోన్‌కు నాలుగు దాకా లింక్ చేసుకోవచ్చు. పాత ట్యాబ్‌ను ఆ జాబితాలోంచి లాగ్అవుట్ చేయడం మర్చిపోవద్దు.

ట్యాబ్‌లోనే నంబరుతో తెరిచినదైతే రెండు దారులున్నాయి. చాట్స్ సెట్టింగ్స్‌లో "ట్రాన్స్‌ఫర్ చాట్స్" నొక్కి కొత్త ట్యాబ్‌తో క్యూఆర్ స్కాన్ చేయడం ఒకటి. గూగుల్ అకౌంట్‌లోకి బ్యాకప్ తీసి, కొత్తదాంట్లో అదే నంబరు, అదే గూగుల్ అకౌంట్‌తో తెరిచి రీస్టోర్ నొక్కడం రెండోది. రీస్టోర్ ప్రశ్న నంబరు ధ్రువీకరించిన వెంటనే ఒక్కసారే వస్తుంది. "స్కిప్" నొక్కేస్తే, కొత్త మెసేజ్‌లు పోగుపడకముందే యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి.

బ్యాకప్‌కు విడిగా పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అది గుర్తుండాలి. దాన్ని మర్చిపోతే వాట్సాప్ కూడా తెరిచి ఇవ్వలేదు.

8. ఓటీపీ యాప్‌లు, బ్యాంకు యాప్‌లు

గూగుల్ ఆథెంటికేటర్ లాంటి, లాగిన్‌కు కావలసిన కోడ్‌లు చూపించే యాప్ వాడుతుంటే, పాత ట్యాబ్‌లో "ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్" నొక్కి, వచ్చిన క్యూఆర్‌ను కొత్త ట్యాబ్ కెమెరాతో స్కాన్ చేయండి. రీసెట్‌కు ముందు ఇది చేయకపోతే, సింక్ కూడా లేకపోతే, ఆ అకౌంట్లలోకి వెళ్లడమే కష్టమవుతుంది.

బ్యాంకు, యూపీఐ యాప్‌ల డేటా కాపీ కాదు. కాకూడదు కూడా. కొత్తదాంట్లో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సిందే. సిమ్ లేని ట్యాబ్‌లో చాలావరకు అవి నడవవు, ఫోన్‌లోనే ఉంచుకోండి. పని సాయం చేస్తామని ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగినా, స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమన్నా ఒప్పుకోకండి.

9. ఐప్యాడ్ ఉన్నవాళ్లకు

ఐప్యాడ్ నుంచి ఐప్యాడ్‌కు: రెండూ పక్కపక్కన పెట్టి కొత్తది ఆన్ చేస్తే పాతదాని మీద డేటా మార్చుకునే క్విక్ స్టార్ట్ తెర కనిపిస్తుంది. పాతదాంట్లో కనీసం ఐఓఎస్ 11 ఉండాలి. ఐక్లౌడ్‌లో ఉచితంగా ఉండేది 5 జీబీయే. అయినా సెట్టింగ్స్, జనరల్‌లోని ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్‌లో "కొత్త ఐప్యాడ్‌కు సిద్ధం చేయి" అనే సౌకర్యం ఉంది. కొత్తది కొన్నవాళ్లకు బ్యాకప్ కోసం తాత్కాలికంగా అదనపు చోటు ఇస్తారు. అది మూడు వారాల వరకే కాబట్టి ఆలస్యం చేయవద్దు. కంప్యూటర్‌లో బ్యాకప్ తీస్తే "ఎన్‌క్రిప్ట్" (పాస్‌వర్డ్‌తో తాళం వేయడం) గడి టిక్ చేయండి. లేకపోతే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అందులోకి రావు.

ఆండ్రాయిడ్ నుంచి ఐప్యాడ్‌కు: పాత ట్యాబ్‌లో మూవ్ టు ఐఓఎస్ యాప్ వేసుకోండి. ఐప్యాడ్ మొదటి సెటప్‌లో ఆండ్రాయిడ్ నుంచి తెచ్చుకునే మార్గం ఎంచుకుంటే ఒక కోడ్ వస్తుంది, అది పాతదాంట్లో కొట్టాలి. పని పూర్తయ్యేదాకా పాత ట్యాబ్‌లో ఆ యాప్‌నే తెరిచి ఉంచండి.

10. తరచూ ఎదురయ్యే చిక్కులు, వాటి పరిష్కారాలు

సెటప్‌లో "కాపీ వద్దు" నొక్కేశాను. కొత్త ట్యాబ్‌లో ఇంకా ఏమీ లేదు కాబట్టి దాన్ని రీసెట్ చేసి మళ్లీ మొదలుపెట్టండి. పది నిమిషాల పని. వారం వాడాక అయితే కష్టం.

కంప్యూటర్ ట్యాబ్‌ను గుర్తించడం లేదు. వరసగా చూడండి: స్క్రీన్ అన్‌లాక్ అయిందా, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకున్నారా, వేరే కేబుల్, వేరే పోర్ట్. యాపిల్ కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ ట్యాబ్ నేరుగా కనిపించదు, అందుకు విడిగా యాప్ కావాలి.

పాతదాంట్లో ఫొటోలు తీసేస్తే కొత్తదాంట్లోనూ పోయాయి. గూగుల్ ఫొటోస్‌లో డిలీట్ అంటే అకౌంట్ నుంచే డిలీట్. వెంటనే ట్రాష్ తెరవండి. బ్యాకప్ అయిన ఫొటోలు అందులో 60 రోజులు ఉంటాయి. ట్యాబ్‌లో చోటు మాత్రమే ఖాళీ చేయాలంటే "ఫ్రీ అప్ స్పేస్" వాడాలి.

వాట్సాప్ ఫొటోలన్నీ ఈరోజు తేదీతో కనిపిస్తున్నాయి. వాట్సాప్ పంపేటప్పుడే ఫొటోలోని తేదీ వివరాలు పోతాయి. కాపీ చేసినప్పుడు ఫైల్ తేదీ కూడా మారవచ్చు. కంగారు వద్దు, ఫైల్ పేరులోనే తేదీ ఉంటుంది. పేరులో 20230114 అని ఉంటే అది 2023 జనవరి 14. పేరు వరసలో పెడితే క్రమం దొరుకుతుంది.

ఒక్కో పేరు రెండుసార్లు వచ్చింది. కాంటాక్ట్స్ యాప్‌లో "మెర్జ్ అండ్ ఫిక్స్" నొక్కండి.

పాత ట్యాబ్ టచ్ పనిచేయడం లేదు. స్క్రీన్ కనిపిస్తుంటే ఓటీజీతో మామూలు యూఎస్‌బీ మౌస్ కలపండి, తెర మీద బాణం గుర్తు వస్తుంది. దానితో అన్‌లాక్ చేసి పని కానివ్వచ్చు. మౌస్‌తో పని నడిచిన పగిలిన ట్యాబ్‌లను చాలా చూశాను. షాపుకు పరుగెత్తేముందు ఇది ప్రయత్నించండి.

11. సరిచూసుకోవడం

1వ భాగంలో రాసిన జాబితా మళ్లీ తీయండి. ఫైల్ పేరు కనిపిస్తే టిక్ పెట్టకండి. తెరిచి, చూసి, విని పెట్టండి.

- అన్నిటికంటే పాత ఫొటో, అన్నిటికంటే కొత్త ఫొటో తెరుచుకున్నాయా?
- ఒక పెద్ద వీడియో చివరిదాకా ఆడుతోందా?
- ఆడియో రికార్డింగ్‌లలో రెండు మూడు విన్నారా?
- ఇంటర్నెట్ ఆపేసి పీడీఎఫ్‌లు తెరిచి చూశారా? ట్యాబ్‌లో నిజంగా ఉన్నాయో, క్లౌడ్‌లోనే ఉన్నాయో అప్పుడు తేలుతుంది
- వాట్సాప్‌లో ఏడాది కిందటి చాట్ దొరికిందా?
- మెయిల్, క్యాలెండర్, నోట్స్ సరిగా ఉన్నాయా?
- ట్యాబ్ వాడే మనిషి స్వయంగా రోజూ చేసే పనులు చేసి చూశారా?

ఆ తర్వాత పాత ట్యాబ్‌ను కనీసం నెల రోజులు అలాగే ఉంచండి. ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో పాతది వెంటనే ఇచ్చేయాల్సి వస్తే, కంప్యూటర్‌లోకి తీసిన కాపీని ఆ నెలంతా ముట్టుకోవద్దు. ఏడాదికోసారి తెరిచే ఫైల్ గుర్తురావడానికి సమయం పడుతుంది.

12. పాత ట్యాబ్‌ను ఖాళీ చేయడం

నెల గడిచాక ఈ వరసలోనే చేయండి.

- మెమరీ కార్డు, సిమ్ బయటకు తీయండి.
- సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి గూగుల్ అకౌంట్‌ను తీసేయండి. ఐప్యాడ్ అయితే ఫైండ్ మై (పోయిన ఐప్యాడ్‌ను వెతికే సౌకర్యం) ఆపి, ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ చేయండి.
- సెట్టింగ్స్ లోపలి నుంచే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. బటన్లు నొక్కిపట్టి చేసే రికవరీ రీసెట్ వద్దు. అకౌంట్ తీయకుండా అలా చేస్తే ట్యాబ్ తాళం పడి, మళ్లీ పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. కొనుక్కున్నవాళ్లు మీకు ఫోన్ చేయాల్సి వస్తుంది.
- మళ్లీ ఆన్ చేసి, భాష అడిగే మొదటి తెర వచ్చిందో లేదో చూసి ఆపేయండి.
- మీ ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలోని డివైస్‌ల జాబితాలో పాత ట్యాబ్ ఇంకా ఉంటే సైన్ అవుట్ చేయండి.

పనిచేసేదైతే ఇంట్లో పిల్లలకో, చదువుకునే వాళ్లకో ఇవ్వండి. పనికిరానిదైతే చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీ ఉంటే ఆ సంగతి అక్కడ తీసుకునేవాళ్లకు ముందే చెప్పండి.